ఓర్ఫా వదిన గ్యాస్ బావి

మా అన్న లోర్న్ సైడర్‌ని మట్టిలో పెట్టిన వారంలోనే, వాళ్ల పెరట్లోని గ్యాస్ బావికి లైసెన్సు లేదని ఎవరో ప్రభుత్వానికి రాశారు. ఎవరో ఏమిటి, రోడ్డుకి అవతల ఉండే మెర్ల్ ఫ్రెట్జే రాశాడు. చర్చిలో కాఫీ తాగుతూ తనే చెప్పుకున్నాడు కూడా.

"ముసలామె ఒక్కతే ఉంటుంది. బావి చూస్తే తాతల కాలం నాటిది. ఏదో ఒకరోజు మనందర్నీ గాల్లోకి లేపేస్తుంది," అన్నాడట.

వాడి బెంగ మన ప్రాణాల గురించి కాదు. ఓర్ఫా వదిన పొలం మీద వాడికి ఎప్పటినుంచో కన్నుంది. బావి మూయిస్తే చలికి తట్టుకోలేక ఇల్లూ పొలమూ అమ్ముకుపోతుందని వాడి ఎత్తు. ఇప్పటికీ వాడి పేరు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

కెనడాలో ఈరీ సరస్సుకి ఉత్తరాన మా ఊళ్లలో ఒకప్పుడు చాలా ఇళ్లకు సొంత బావి ఉండేది. నేలలోంచి వచ్చే ఆ గ్యాసుతోనే వంటా, చలికాలంలో ఇంటికి వెచ్చదనమూ. బావి అంటే నేలలోంచి పైకి లేచిన ఇనుప గొట్టం, దాని మీద ఒక వాల్వు, అంతే. వదిన దాని పక్కనే బట్టలారేసేది. చలికాలంలో గొట్టంలో చేరిన నీళ్లు పొద్దున్నే వదిలెయ్యాలి. లేకపోతే గడ్డకట్టి పొయ్యి ఆరిపోతుంది. లోర్న్ మంచాన పడ్డాక ఆ పని వదినే చేసేది, నైట్‌గౌను మీద అతని కోటు తొడుక్కుని. స్కూలు బస్సు నడిపి సగం ఊరిని అదుపులో పెట్టిన మనిషి, గొట్టానికి బెదురుతుందా?

డిసెంబరులో అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. బూట్లు విప్పి లోపలికొచ్చి, వదిన చేసిపెట్టిన బటర్ టార్ట్ అనే తీపి వంటకం తిన్నాడు.

"మూయించక్కర్లేదండీ," అన్నాడు. "కారుతున్న వాల్వు మార్చాలి. ఒత్తిడి పెరిగితే బయటికి వదిలేసేది ఒకటి పెట్టించాలి. ఇంటి బయట గోడ మీద గ్యాసు ఆపేసే వాల్వు ఉండాలి. మీ పేరుతో బోర్డు కట్టాలి. లైసెన్సు ఇప్పిస్తాను."

వదిన ఊపిరి పీల్చుకుంది.

"ఇంకొక్క మాట. ఈ గ్యాసు మీ నేల మీద, మీ అవసరానికే వాడాలి. వేరే ఇంటికి గొట్టమేదీ పోవట్లేదు కదా?"

పోతోంది. మా వైపు ఒకరి బావి ఎండిపోతే పక్కింటివాళ్లు నేల కింద నుంచి గొట్టం వేసి ఇస్తారు. కాగితం ఉండదు, దాని గురించి మాట్లాడుకోవడమూ ఉండదు. మెర్ల్ పసివాడిగా ఉన్నప్పుడే ఫ్రెట్జ్ వాళ్ల బావి చచ్చిపోయింది. వాళ్ల నాన్న నామోషీ పడి పెళ్లానికీ కొడుక్కీ కూడా చెప్పలేదు. మా నాన్నా ఆయనా కలిసి రోడ్డు కింది తూములోంచి గొట్టం తీసుకెళ్లి, ఆ చచ్చిన బావి దగ్గరే కలిపారు. మెర్ల్ ఆ బావికి ఏటా రంగు వేసి, లైసెన్సు బోర్డు తుడిచి మురిసిపోయేవాడు. అన్నకీ, వదినకీ, నాకూ, మా ముగ్గురికే నిజం తెలుసు. వదిన నోరు మెదపకపోతే ఆ అధికారికి ఎప్పటికీ తెలిసేది కాదు.

నేను వదిన చెయ్యి పట్టుకుని లోగొంతుకతో అన్నాను. "వదినా, ఆ ఇంట్లో ఇల్డా ఉంది." ఇల్డా మెర్ల్ తల్లి. ఎనభై దాటిన మనిషి.

"తెలుసు," అంది వదిన. కప్పు కింద పెట్టింది. "పోతోంది బాబూ. రా, చూపిస్తాను."

గొట్టం కోసి మూతి బిగించారు. మెర్ల్ తన బావిలో నీళ్లు గడ్డకట్టాయనుకుని, దాని మీద కెటిల్‌తో వేడినీళ్లు పోస్తూ నిలబడ్డాడు. మేం కిటికీలోంచి చూశాం. నాకు చాలా సంతోషమేసింది, దాచుకోను. మర్నాడు వాడు పిలిపించిన మెకానిక్, ఆ బావి ఎప్పుడో చచ్చిందనీ ఇన్నాళ్లూ గ్యాసు వదిన బావిలోంచే వచ్చిందనీ చెప్పేశాడు.

సాయంత్రానికి వదిన గుమ్మం ముందున్నాడు. "పిన్నీ, కొత్త సంవత్సరం దాటితే గానీ ప్రొపేన్ గ్యాసు ట్యాంకు రాదట. అమ్మ వణికిపోతోంది. అప్పటిదాకా కలపనివ్వు."

"లైసెన్సు పోతుంది నాయనా. చట్టం కదా, నీకు తెలీనిదేముంది?"

"ఏదో పొరపాటైపోయింది."

"పొరపాటు కాదు. ఆయన సమాధి మట్టి ఆరకుండానే కూర్చుని రాశావు." వదిన గొంతు పెంచలేదు. "మీ అమ్మను తీసుకురా. లోర్న్ గది ఖాళీగా ఉంది. నువ్వు మాత్రం ఈ గడప తొక్కకు."

ఇల్డా వచ్చింది. వదిన ఆమెకు సూపు పెట్టి, కాళ్లకు దుప్పటి కప్పి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మొగుడు దాచిందీ, కొడుకు రాసిందీ, ఏదీ వదల్లేదు. 

జనవరిలో ట్యాంకు వచ్చింది. మెర్ల్ తల్లి బూట్లు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. "అమ్మా, ఇల్లు వెచ్చగా ఉంది. పద."

"నేను రానురా," అంది ఇల్డా లోపల్నుంచి. "ఇన్నేళ్లు నీకు అన్నం ఉడికింది వీళ్ల మంట మీద. దాన్నే ఆర్పబోయావు. నీ పొయ్యి దగ్గర నేను కూర్చోలేను."

వాడి మొహం చూడలేకపోయాను. అప్పటికి నాకు కసి తీరిపోయింది. వదినకు తీరలేదు. వాడి చేతిలోంచి బూట్లు తీసుకుని తలుపు వేసింది.