అన్న కోసం పద్నాలుగో లెవల్‌లో

మా చిన్నప్పుడు... శుక్రవారం అంటే మిగతా పిల్లలకు ఉత్త శుక్రవారమే. నాకు మాత్రం శీనన్న వచ్చే రోజు. దుబాయ్ నుంచి... అదీ జగిత్యాల నెట్ సెంటర్‌లో, గోడవారగా ఉన్న మూడో కంప్యూటర్‌లోకి!

నేనప్పుడు ఎనిమిదో తరగతి. పెగడపల్లి నుంచి రోజూ బస్సులో జగిత్యాల బడికి వచ్చేదాన్ని. బడి విడిచాక మా ఊరి బస్సుకు గంట టైముండేది. అన్నకు అక్కడ శుక్రవారం సెలవు. ఆ గంట మా ఇద్దరిదీ.

అన్నను దుబాయ్ పంపింది సంపాదన కోసమేమీ కాదు. అవి నక్సలైట్ల రోజులు. డిగ్రీ చదివే పిల్లలెవరైనా నాలుగు రోజులు ఇంట్లో కనిపించకపోతే అడవికి పోయారనేవారు. మా అన్న కోసం పోలీసులు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగిపోయారు. నాన్నకు కంటి మీద కునుకు లేదు. "ఏడున్నా పాణంతోటి ఉండని" అని విమానమెక్కించాడు.

అక్కడ అన్నకు కంప్యూటర్ల దుకాణంలో పని దొరికింది. నెట్‌లో కలిసి ఆడే ఒక ఆట నాకు నేర్పింది వాడే. ఆటలో మనకొక బొమ్మ ఉంటుంది... అడవిలో తిరుగుతూ పందుల్నీ తోడేళ్ళనీ కొడితే పాయింట్లు, పాయింట్లతో లెవల్. అరవయ్యో లెవల్ ఆఖరిది. అక్కడికి చేరితే ఒక కోట తలుపు తెరుచుకుంటుంది.

ఇద్దరు జోడీగా కూడా తిరగొచ్చు. కానీ ఇద్దరి మధ్య ఐదు లెవల్స్ కంటే ఎక్కువ తేడా వస్తే జోడీ తెగిపోతుంది. అందుకే మొదటి రోజే అన్న ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపాడు. "నేను లేంది నువ్వు ఒక్క లెవల్ గూడ ఎక్కద్దు చెల్లె. నేను గూడ ఎక్క. కోటలకు ఇద్దరం కలిసే పోవాలె."

నేను ఆ మాట పట్టుకుని కూర్చున్నాను... పిచ్చిదాన్ని.

ఒక్కోసారి అన్న రావడం ఆలస్యమయ్యేది. నా బొమ్మను, ఆటలో మేం కలుసుకునే వంతెన మీద నిలబెట్టి ఎదురుచూసేదాన్ని. ఒకరోజు అడవిపంది వచ్చి ఒకటే పొడవడం! నెట్ సెంటర్ నడిపే రాజయ్య సార్ వెనక నుంచి అరిచాడు.

"కొట్టు బిడ్డా, కొట్టు! సూసుకుంట కూసున్నవేంది?"

"కొడితే లెవల్ పెరుగుతది సార్... మా అన్న ఇంక రాలే."

ఆ పంది చేతిలో చచ్చిపోయాను గానీ దాన్ని ముట్టుకోలేదు. అన్నకు చెబితే ఎంత నవ్వాడో... అలా ఇద్దరం కలిసి పద్నాలుగో లెవల్ దాకా ఎక్కాం. ఇంటికెళ్ళేసరికి అమ్మ గడపలోనే అడిగేది, "తిన్నడా బిడ్డా? ఏమన్నడు?" పందుల సంగతి దాచి మిగతా కబుర్లన్నీ అప్పజెప్పేదాన్ని.

ఒక శుక్రవారం బంద్ వచ్చింది. బస్సులు లేవు, బడి లేదు. ఊళ్ళో ఒక్క దుకాణం తెరవలేదు. పై శుక్రవారం ఊరి చుట్టూ పోలీసులు గాలిస్తున్నారని నాన్న నన్ను గడప దాటనివ్వలేదు. మూలకు కూర్చుని ఏడ్చాను. నా బాధల్లా ఒకటే... నేను లేకపోతే అన్న వంతెన దగ్గర ఒక్కడే నిలబడి ఉంటాడు కదా అని!

మూడో శుక్రవారం బడి నుంచి ఒక్క ఉరుకున వెళ్ళి కూర్చున్నాను. అన్న వచ్చాడు. ఒంటి నిండా బంగారు కవచం... తల మీద అంకె చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. అరవై.

"బంద్ ఉండె అన్నా. బస్సులు నడవలే" అని కొట్టాను.

"రూంల అందరు ఎక్కుతుంటె నేనొక్కన్నే ఎట్ల ఆగాలె చెల్లె? నువ్వు గూడ జల్ది ఎక్కు."

రూంలో కోరుట్ల వాళ్ళు ఇద్దరు, సిరిసిల్ల వాళ్ళు ముగ్గురు. పగలూ రాత్రీ వంతులేసుకుని మరీ ఎక్కారట. నా తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. రాజయ్య సార్ చదివి చెప్పాడు, జోడీ తెగిందని. "మావోళ్లు పిలుస్తున్నరు, మళ్ల కలుస్త" అని అన్న కోటలోకి వెళ్ళిపోయాడు. ఆ కోట దగ్గరికి పోవాలన్నా నా లెవల్ సరిపోదు. మళ్ళీ కలిసిందీ లేదు.

ఆ రోజు అమ్మ అడిగింది, "ఏమన్నడు?" అని.

"మంచిగున్నడట. నిన్ను అడిగిండు" అన్నాను. అమ్మతో నేనాడిన మొదటి అబద్ధం అదే.

రెండేళ్ళకు సెలవు మీద వచ్చాడు. సెంటు సీసాలు, దుప్పట్లు, చాక్లెట్లు... వాకిట్లో మంచం మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఆ ఆట గురించే గొప్పలు. "ఆర్గురం ఉండె. మూడు వారాలల్ల అరవై దాకా పోయినం. మా అంత జల్ది ఎవ్వరు ఎక్కలే!"

నేను చాయ్ గ్లాసులు అందిస్తూ ఆగాను. నా పేరు వస్తుందేమోనని... రాలేదు. ఉండబట్టలేక అడిగేశాను, "మరి నేను?"

అన్న నా వైపు వింతగా చూశాడు. "నువ్వు గూడ ఆడినవా చెల్లె?"

అడవిపంది పొడిచినప్పుడు నిజంగా నొప్పి లేదండీ. ఈ మాటకు మాత్రం ఉంది. ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు బంద్‌లు లేవు, బస్సు కోసం ఉరకడం లేదు, ఫోన్ చేతిలోనే ఉంటుంది. అన్న పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంటుంది. రోజూ పొద్దున ఒక పూల బొమ్మ పంపుతాడు, నేనూ ఒకటి పంపుతాను. అంతే.

ఆ ఆట ఎప్పుడో మూతపడిందట. మూతపడిన రోజుకు కూడా నా లెవల్ పద్నాలుగే.

ఆగుతానని చెప్పి వెళ్ళిపోయినవాళ్ళు మీకూ ఉన్నారా? ఉంటే కింద రాయండి... మీరు వాళ్ళ కోసం ఎక్కడ ఆగిపోయారో.