చొక్కా తడవాలి

కాలువ పడవలో మా ఎదురుగా కూర్చున్న పాస్టరుగారు దగ్గి, నోటి దగ్గర్నుంచి రుమాలు తీశారు. దాని మీద ఎర్రటి మరక కనబడింది. క్షయ! మా పిల్లలిద్దరినీ రెక్క పట్టుకుని వెనక్కి లాగేశాను.

ఆయన చూశారు. మొహం నీళ్ల వైపు తిప్పుకుని, గుసగుసలాంటి గొంతుతో అన్నారు: "భయపడకండమ్మా. క్షయ కాదండి. గొంతు చిట్లిందన్నారు అమలాపురం డాక్టరుగారు. మూడు నెలలు గట్టిగా మాట్లాడొద్దన్నారు."

"మరి ఇప్పుడెక్కడికండీ?"

"రాజోల్లో సువార్త కూటాలకండి. మూడు రోజులు ప్రసంగాలు."

నాకు ఒళ్లు మండింది. "నెమ్మదిగా చెప్పకూడదాండీ?"

"చొక్కా తడిసేలా అరవకపోతే వాక్యంలో పస లేదంటారమ్మా మావాళ్లు. గొంతు పోయిందని తెలిస్తే ఇంకో పాస్టరుని తెచ్చుకుంటారు. సంఘం ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. నాకూ ఇద్దరు పిల్లలండి."

రాజోలు రేవులో నలుగురు దండలతో ఎదురొచ్చారు. "అయ్యగారండీ, ఈసారి గోదారి అవతలోళ్లక్కూడా వినపడాలండీ!" అన్నాడు ఒకతను నవ్వుతూ.

"ఆయ్," అన్నారు పాస్టరుగారు, రుమాలు జేబు అడుక్కి తోసుకుంటూ.

వాళ్లతో చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఆయన ఇల్లు పోతుంది, చెప్పకపోతే గొంతు పోతుంది. బి.ఏ. చదివిన దాన్ని, నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ చిరాకు ఇప్పటికీ పోలేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలు ఆయనలా గుసగుసలాడుతూ ఆడుకుంటున్నారు. "ఆయనది అంటుకునే జబ్బు కాదు. నిన్న మిమ్మల్ని లాగెయ్యడం నా తప్పే," అన్నాను. "మళ్లీ కనబడితే దగ్గరికెళ్లి కూర్చోండి, ఆయన అరవక్కర్లేకుండా."