అడవికి మోయని కట్టెలు

నా చిన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ అనే పేరు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, నిర్మల్‌లో మా ఇంటినిండా పొనికి చెక్కే. మా తాత ఆ చెక్కతో బొమ్మలు చేసేవాడు. పుష్యమాసంలో చలి ముదిరాక నరికిన పొనికికి పురుగు పట్టదని ఆయన నమ్మకం. అందుకని ఏటా ఆ చలిలోనే జైనూర్ వైపు కొండల్లోకి మూడు రోజులు నడిచి వెళ్లి, చెట్లు చూసి, గుర్తులు పెట్టి వచ్చేవాడు. బండ్లు ఆ తర్వాత వెళ్లేవి. ఎప్పుడూ తోడు వెళ్లే మా చిన్నాయనకు ఆ ఏడు జ్వరం వచ్చింది. నేను పోతానని మొండికేశాను. పదేళ్ల ఆడపిల్లకు కొండలేమిటని మా బాపమ్మ నెత్తి కొట్టుకుంది. తాతకు నేనంటే ప్రాణం, సరేనన్నాడు.

ప్రయాణానికి వారం ముందు నుంచే ఆయన వాకిట్లో సామానంతా పరిచి చూసుకునేవాడు. జొన్నరొట్టెలు ఎండబెట్టించాడు. ఎల్లిగడ్డ కారం, బెల్లం, నీళ్లకు సొరకాయ బుర్ర, ఇద్దరికీ చెరో గొంగడి. అగ్గిపెట్టెను మైనం రాసిన గుడ్డలో చుట్టి తన రొంటిన దోపుకున్నాడు. చివరికి, బొమ్మలు చెక్కగా రాలిన పొనికి పేళ్లు ఒక సంచెడు, ఎండిన తుమ్మ కట్టెలు నాలుగు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అగ్గి నీ జిమ్మ బిడ్డా. ఏది మర్శినా గిది మాత్రం మర్వకు."

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మూట వాళ్లే కట్టుకోవాలి. ఒకరు కట్టిన మూటను ఇంకొకరు విప్పి చూస్తే, వాళ్లను నమ్మనట్టే లెక్క. పిల్లలకైనా అదే పద్ధతి.

బయలుదేరే ముందురోజు పక్కింటి అక్క నా ముందున్న కట్టెలను చూసి పడీపడీ నవ్వింది. "ఓ పిల్లా, అడవికి కట్టెలు మోస్కపోతున్నవా? ఆడ కట్టెలకు గంత కరువచ్చిందా?" నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే కదా, అడవిలో కట్టెలకేం తక్కువ అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పేళ్లనూ కట్టెలనూ జొన్నల గుమ్మి వెనక్కి తోసేసి, గిన్నెలూ పిండీ మాత్రం మూటగట్టాను. నా అంత తెలివి ఇంకెవరికీ లేదని మురిసిపోయాను కూడా. ఏం చెప్పను, నా ఖర్మ!

మొదటి రాత్రి ఒక గోండు గూడెంలో, వాళ్ల నెగడు పక్కన వెచ్చగా పడుకున్నాం. రెండో రోజు కొండెక్కాక మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. చలికాలపు వాన ఎంత పాడుదో ఆ కొండల మీద తడిసినవాళ్లకే తెలుస్తుంది. తాత తన గొంగడి కూడా నా మీదే కప్పి నడిపించాడు. పొద్దుగూకే వేళకు ఒక పెద్ద బండ కిందికి చేరాం. అప్పటికే ఆయన నిలువెల్లా తడిసి వణికిపోతున్నాడు.

"పేళ్లు తియ్యి బిడ్డా, జల్ది."

నేను మూటను వెనక్కి దాచుకున్నాను. నా ముఖం చూసి, ఆయనే నా మూట విప్పాడు. లోపల చూసి మళ్లీ ముడి వేశాడు. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

చుట్టూ అడవే, పొడి పుల్ల మాత్రం ఒక్కటి దొరకలేదు. అగ్గిపుల్లలన్నీ అయిపోయాయి, తడి ఆకులు పొగ కక్కి ఆరిపోయాయి. చివరికి రెండు గొంగళ్లూ నాకే చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని, గాలి వచ్చే వైపు తన వీపు అడ్డం పెట్టాడు. తెల్లారేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. దగ్గు ఆగడం లేదు. చెట్ల సంగతి వదిలేసి వెనక్కి తిరిగాం.

ఊరు కనబడ్డాక ఒక రాయి మీద కూలబడి అన్నాడు. "కట్టెలు నేనే తీసి పెట్టిన, బరువైతయని. బాపమ్మ అడిగితే గిదే మాట. నువ్వు నోరు తెర్వకు."

ఎందుకు తాతా అని ఏడ్చాను.

"నేను ముసలోన్ని, తిట్లు పడ్త. నువ్వు ఇంక శానా ఏండ్లు బత్కాలె."

గుమ్మి వెనక కట్టెలు చూసిన దగ్గర్నుంచి బాపమ్మ అన్నం ముట్టలేదట. ఎవరు తీశారని అడిగితే తాత చెప్పిన మాటే చెప్పాడు. "నీ బుద్ధి గడ్డి తిన్నదా? పిల్లను సంపుతుంటివి గదా!" అని ఆమె గుండె బాదుకుంది. ఆయనకు నెమ్ము చేసింది. పది రోజులు మంచంలో ఉన్నాడు. ఆమె తిడుతూనే కషాయం పట్టింది, ఆయన వింటూనే తాగాడు. పదకొండో రోజు పోయాడు.

పోయాక కూడా ఆమె కోపం తీరలేదు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ అదే చెప్పుకునేది, చేజేతులా పానం తీసుకుని తనను ఆగం చేసిండని. నిజం ఎన్నోసార్లు నా నాలిక చివరి దాకా వచ్చింది. తాత మాట దాటొద్దని ఊరుకున్నానని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు భయం, అంతే.

ఇప్పుడు నా మనవలు ఏ తప్పు చేసినా వాళ్ల నోటితోనే చెప్పిస్తాను. చెప్పాక పల్లెత్తు మాట అనను. మా ఇంట్లో ఎవరైనా "తప్పు నాదే" అని తల వంచితే వెంటనే నమ్మను, వాళ్ల వెనక ఎవరున్నారో చూస్తాను. అది మా తాత నేర్పిందే. బాపమ్మ ఆయన తర్వాత పన్నెండేళ్లు బతికింది. పోయే ముందు రోజు కూడా ఆయన్ను తిట్టింది. నేను ఆమె కాళ్లు పిసుకుతూ విన్నాను.