ఫరీదాబాద్‌లో పోటు కోసం

ఒక పడవ, ఒక దీవి, పక్కన పెళ్లాడాలనుకున్న అమ్మాయి. ఈ మూడూ ఇస్తే ఎంత చేతకానివాడైనా ఒక మంచి మధ్యాహ్నం గడుపుతాడు. నేను మాత్రం చర్చి పిక్నిక్ మొత్తాన్నీ ఆకలితో మాడ్చాను. ఆ కథ మా బంధువుల్లో ఇప్పటికీ తిరుగుతోంది, కానీ తప్పుగా. విమల నీళ్లకు భయపడి దీవి మీంచి కదలలేదని చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. ఇన్నేళ్లూ దాని చాటున హాయిగా బతికాను. ఇక చాలు, అసలు జరిగింది చెబుతాను.

ఎనభైల మొదట్లో నేను కరోల్ బాగ్‌లో ఓ గది అద్దెకు తీసుకుని, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసేవాణ్ణి. విమల మా చర్చిలో పాటలు పాడేది. వాళ్లమ్మ మరియమ్మగారిది మచిలీపట్నం, ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ ఒక్క చూపు చూస్తే రోగులే కాదు, డాక్టర్లు కూడా నోరు తెరిచి మందు మింగేవారు. విమల ఢిల్లీలోనే పుట్టింది, సముద్రం చూసి ఎరగదు. నేనేమో కాకినాడ పక్కన, మడ అడవుల్లో సముద్రపు పాయ ఒడ్డున పుట్టినవాణ్ణి. ఇంకేం కావాలి? పెళ్లవగానే అండమాన్ తీసుకెళ్తానని, ఎండలో ఇసుక మీద పడుకుని కొబ్బరినీళ్లు తాగుదామని మాటిచ్చేశాను.

"సిటీ బస్సెక్కితేనే వాంతి చేసుకునే పిల్లని ఓడెక్కిస్తావా?" అన్నారు మరియమ్మగారు. "అసలు నీకు పడవ నడపడం వచ్చా?"

"భలేవారే ఆంటీ! మాకు నడక కంటే ముందు తెడ్డు వస్తుందండి."

"అచ్ఛా. అయితే పిక్నిక్‌లో చూద్దాం. చెరువు మధ్యలో దీవి ఉందంట. విమలని అక్కడికి తీసుకెళ్లి, భోజనాల టయానికి తిరిగి తీసుకురా. అప్పుడు మాట్లాడదాం, పెళ్లి గురించీ, నీ అండమాన్ గురించీ."

అదీ సంగతి. నా జీవితమంతా ఫరీదాబాద్ అవతల ఉన్న ఓ చెరువులో తేలుతోందన్నమాట.

ఎండ మాత్రం అండమాన్‌కి ఏమీ తీసిపోలేదు. ఒడ్డున చర్చివాళ్లంతా చూస్తుండగా నేను తెడ్లు వేసిన వేగానికి నీళ్లు పడవలో సగం, విమల ఓణీ మీద సగం పడ్డాయి. దారిలో తెడ్డు అడుగున దేనికో తగులుతూనే ఉంది. "పగడపు దిబ్బలు" అన్నాను, అండమాన్‌కి రిహార్సల్ కదా అని. అదే ఊపులో పడవ ముక్కుని దీవి ఒడ్డునున్న బురదలోకి ఎక్కించేశాను. దీవి అంటే ఏముంది, రెండు తుమ్మచెట్లూ, మమ్మల్ని చూసి విసుక్కున్న ఓ కొంగా. ఆ నీడలోనే కూర్చుని కబుర్లలో పడ్డాం.

తిరిగి ఎక్కి తెడ్డుతో నెడితే పడవ కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాను. తెడ్డు బురదలో దిగిపోయింది, పడవ మాత్రం గోడకి కొట్టిన మేకులా ఉండిపోయింది.

ఇక్కడే, పాఠకమహాశయా, నా బుర్ర ఢిల్లీ వదిలి మా ఊరు వెళ్లిపోయింది. మా పాయలో సముద్రం వెనక్కి తీస్తే ఆటు, పడవలు బురదలో కూర్చుంటాయి. అప్పుడు దిగినవాడు మొలలోతు కూరుకుపోతాడు. బుద్ధిమంతుడు పడవలోనే కూర్చుంటాడు. పోటు వచ్చి నీరు పెరగ్గానే పడవ తనంతట తనే లేస్తుంది. చిన్నప్పటి నుంచీ చేసింది అదే.

"ఏం ఫర్లేదు, ఆటు" అన్నాను ధీమాగా. "నిన్న పౌర్ణమి కదా, పోటు పెద్దగానే వస్తుంది."

"కబ్ ఆయేగా?"

"కాసేపట్లో."

కాసేపు గడిచింది. ఇంకో కాసేపూ గడిచింది. మాకూ ఒడ్డుకూ మధ్య ఒక గేదె తాపీగా పోతోంది.

"నడిచి వెళ్దామా? ఆ భైంస్ వెళ్తోంది కదా" అంది విమల.

"అది నడవడం లేదు. ఈదుతోంది."

"ఈదితే మోకాళ్లు కనిపిస్తాయా?"

"మా వైపు గేదెలు అలాగే ఈదుతాయి. నువ్వు దిగకు, మొలలోతు బురద!"

ఆ అమ్మాయి నన్నూ, గేదెనూ మార్చి మార్చి చూసింది. ఎవరిని నమ్మాలో తేలక పడవలోనే కూర్చుంది. భయమంటూ ఏదైనా ఉంటే నా మాటంటేనే గానీ నీళ్లంటే కాదు.

ఒడ్డు నుంచి మరియమ్మగారి గొంతు మోగింది. "ఏమయ్యా, అన్నం చల్లారిపోతోంది, నాకు సాయంత్రం డ్యూటీ ఉంది! ఎందుకాగారు?"

"ఆటండీ! పోటు రావాలి!"

"ఎక్కడికి రావాలి?"

"ఇక్కడికేనండీ!"

పులిహోర గిన్నెల చుట్టూ కూర్చున్న జనం తలలెత్తి ఒక్కసారే ఇటు తిరిగారు. తర్వాత మరియమ్మగారు చీర కుచ్చెళ్లు పైకి దోపి, చెప్పులు చేత్తో పట్టుకుని, వార్డు రౌండ్‌కి వచ్చినంత నిబ్బరంగా చెరువులో నడుచుకుంటూ వచ్చారు. నీళ్లు ఆవిడ మోకాళ్లు దాటలేదు. మధ్యలో గేదెని పక్కకి జరగమన్నారు. అదీ జరిగింది.

పడవ దగ్గరికొచ్చి దోసిట్లో నీళ్లు పట్టి నా మూతి ముందు పెట్టారు.

"రుచి చూడు."

చూశాను.

"ఉప్పగా ఉందా?"

"లేదాంటీ."

"మరి పోటు ఎక్కడి నుంచి వస్తుంది నాయనా, మున్సిపాలిటీ కొళాయిలోంచా?"

విమల ఫక్కున నవ్వి నీళ్లలోకి దూకింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఓ పట్టు పట్టి పడవని లాగేశారు, నేను లోపల కూర్చునుండగానే. పరువు పోతే పోయింది, విమల కూడా పోయినట్టే అనుకుని తల దించుకున్నాను.

సగం దూరం లాగాక మరియమ్మగారు ఆగారు. "అండమాన్ ఓడని నువ్వు నడపవు కదా?"

"లేదాంటీ. కెప్టెన్ ఉంటాడు."

"అయితే సరే, వెళ్లండి. ముందు పెళ్లి చేసుకుని వెళ్లండి."

వెళ్లాం. ఓడలో విమల నిక్షేపంగా ఉంది, వాంతులన్నీ నావే. దీవిలో రోజూ పొద్దున్నే తను ముందు నీళ్ల దగ్గరికెళ్లి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగానే ఉందండీ, మీరు కూర్చోవచ్చు" అనేది.

కాబట్టి బంధుమిత్రులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నీళ్లకు భయపడింది విమల కాదు. ఇకమీదట చెరువైనా, కాలువైనా, ఇంటి మీది ట్యాంకైనా సరే, రుచి చూడకుండా దాని ఒడ్డున పోటు కోసం కూర్చోను.