పగడాల పడవకి పెదనాన్న పెట్టిన ముహూర్తం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే పెదనాన్న వికారాబాద్ నుంచి బండి దిగి, తాండూరులో మా రైల్వే క్వార్టర్‌కి వచ్చాడంటే అమ్మ మొహం మాడిపోయేది. ఆయన కుర్చీలో కూర్చుని టైంటేబుల్ పుస్తకం తెరిచేవాడు. అమ్మ వంటింటి దర్వాజ వెనక్కి వెళ్ళిపోయేది. బావగారి ఎదుట నిలబడి మాట్లాడటం అప్పట్లో మా ఇళ్ళలో లేదు... ఏం చెప్పాలన్నా నన్ను పిలిచి చెవిలో చెప్పాలి, నేను వెళ్ళి ఆయనకు చెప్పాలి.

ఆ టైంటేబుల్ మా రామేశ్వరం ప్రయాణం కోసం. అరవైల్లో మాట.

అసలు ఆ ప్రయాణం కోరుకున్నది అమ్మ. మా పక్క క్వార్టర్లో గార్డుగారి భార్య మీనాక్షి అత్త ఉండేది. ఆమె పుట్టిల్లు రామేశ్వరం దగ్గర మండపం అనే ఊరు. ఒకరోజు అమ్మ పుస్తెలతాడులో పగడాలు చూసి, ఇవి కాకపోయినా వీటి చుట్టాలు మా సముద్రంలో ఉన్నాయంది. పడవలో కొంచెం దూరం వెళ్తే నీళ్ళ కింద గోబీపువ్వుల్లా, జింక కొమ్ముల్లా కనిపిస్తాయట... చూడటానికి రాయే గానీ, ప్రాణం ఉంటుందట!

ఎటు చూసినా నాపరాళ్ళే ఉండే మా ఊళ్ళో, ప్రాణమున్న రాయి అనేసరికి అమ్మకి నిద్ర పట్టలేదు. పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నాన్న స్టేషన్లో బుకింగ్ క్లర్కు. ఊరందరికీ టికెట్లు కొట్టిచ్చే మనిషి, మమ్మల్ని మాత్రం హైదరాబాద్ దాటించలేదు. ఈసారి సరేనన్నాడు. కానీ అన్నకి చెప్పకుండా ఏ పనీ చేయడు కదా... అక్కడ మొదలైంది మా ఖర్మ!

పెదనాన్న ఒక ఆదివారం ప్లానులో మధురై చేర్చాడు. ఇంకో ఆదివారం తిరుపతి. ఆ తర్వాత పెద్దమ్మ మొక్కు ఏదో గుర్తొచ్చింది. వచ్చినప్పుడల్లా కడుపునిండా తిని, ఉన్న ప్లాను చెరిపి కొత్తది వేసి, సాయంత్రం బండికి చక్కా వెళ్ళిపోయేవాడు. ఒక్కో గుడి చేరుతుంటే అమ్మ పడవకి మిగిలే వేళ తగ్గుతూ వచ్చింది. చివరికి ఒక్క పూట మిగిలింది. ఆదివారం సాయంత్రం అమ్మ గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడు పక్క క్వార్టర్ దాకా వినిపించేది.

ఆఖరికి కార్తీకమాసం అని తేల్చాడు. పుణ్యానికి పుణ్యం, పైగా వానలు ఉండవట. అమ్మ గబుక్కున నన్ను దర్వాజ వెనక్కి లాగింది.

"పోయి చెప్పు బిడ్డా... కార్తీకంల ఆడ వానలు మస్తు కొడ్తయట. సంకురాత్రి దాటినంక పోవాలెనట. మీనాక్షి చెప్పింది."

నేను వెళ్ళి అప్పజెప్పాను. పెదనాన్న పడీ పడీ నవ్వాడు.

"కార్తీకంల వానలేంది బిడ్డా? దసరకే పోతయి గద! గీ ఆడోళ్ళ మాటలిని పరేషాన్ గాకుర్రి."

నాన్న నవ్వలేదు... అలాగని ఒక్క మాటా అనలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే. అమ్మ నన్ను మళ్ళీ పంపింది. "నీకేం ఎరుక, పోయి ఆడుకో" అని పెదనాన్న తోలేశాడు. నిజమే, కార్తీకంలో మా వైపు ఆకాశం కడిగినట్టు ఉంటుంది. ఆయన వికారాబాద్ ఆకాశం చూసి రామేశ్వరం సముద్రానికి ముహూర్తం పెట్టాడు!

సరే, పెదనాన్న వాళ్ళతో కలిసి బయలుదేరాం. సద్ది మూటలు, కూజాలు, ఇనప సందుగ... వాడీలో బండి మారి, మద్రాసులో మారి, గుళ్ళన్నీ తిరిగి మండపం చేరేసరికి కుండపోత! సముద్రం బురద రంగులో ఉంది. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేసి ఉన్నాయి. ఒక జాలరి మమ్మల్ని చూసి, ఆకాశం చూసి, తల అడ్డంగా ఊపాడు. భాష రాకపోయినా అందరికీ అర్థమైంది. ఆ సాయంత్రమే మా తిరుగు బండి.

అమ్మ తడుస్తూ నిలబడింది. నెత్తి మీది కొంగు జారినా సర్దుకోలేదు. నన్ను పిలవలేదు. పెదనాన్న వైపు తిరిగి, మొదటిసారి ఆయనతోనే అంది.

"నేను చెప్పి పంపిన గద బావా... వానలుంటయని."

పెదనాన్న గొడుగు సర్దుకున్నాడు.

"గంత ఎరుకున్నదానివి, నువ్వే వొచ్చి చెప్పొద్దా మరి?"

చూశారా! ఎదుట నిలబడితే మర్యాద లేదనేదీ వాళ్ళే... నిలబడలేదని తప్పు పట్టేదీ వాళ్ళే!

తిరుగు బండి ఎక్కాక అమ్మ దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చుంది. వచ్చే మాఘంలో మళ్ళీ పోదామన్నాడు నాన్న. ఏ మాఘంలోనూ పోలేదు... అమ్మ పగడాల దిబ్బలు చూడకుండానే కాలం చేసింది.

మొన్న మావాళ్ళు అండమాన్ ప్రయాణం అనుకుంటుంటే, శ్రావణంలో వెళ్దామన్నాను. భోజనాల దగ్గర అందరి ముందూ మా కోడలు "ఆ నెల వద్దత్తమ్మా, అప్పుడక్కడ వానలు" అంది. అందరూ విన్నారు, తేదీలు మార్చారు. అంతే... ఇంత చిన్న పని! నేను కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. కోపమొచ్చిందా అత్తమ్మా అంటూ కోడలు వెనకే వచ్చింది. వచ్చింది తల్లీ... నీ మీద కాదు.

మీ అమ్మలు కూడా ఎవరితోనో చెప్పి పంపిన మాటలు, ఎవరూ పట్టించుకోని మాటలు ఉండే ఉంటాయి... ఇక్కడ రాయండి. ఇప్పుడైనా నలుగురం విందాం.