శ్రుతిసారు కుడి చెవి

నీటి సరఫరా ఆఫీసులో పెద్ద గుమాస్తాను అందరూ చాటుగా శ్రుతిసారు అనేవారు. హెడ్‌ఫోన్లంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా కొత్తవి కొనుక్కొస్తే చాలు, అటూ ఇటూ తిప్పి చూసి, "వీటితో పాట వినేకంటే రేకు డబ్బా వాయించుకోవడం నయం" అని తేల్చిపారేసేవారు. తనవి ఎంచుకోవడానికి మాత్రం దుకాణాలన్నీ కాళ్లరిగేలా తిరిగారు. రోజూ వాటి దిండ్లను మెత్తటి గుడ్డతో తుడిచి, తీగ మెలిక పడకుండా చుట్టి, పెట్టెలో పడుకోబెట్టేవారు. తన పురుళ్లప్పుడు కూడా ఇంత సేవ చూడలేదని భార్య అనేది.

ఒకరోజు కుడివైపు శబ్దం సన్నగిల్లింది. శ్రుతిసారు వెళ్లి దుకాణదారు మీద విరుచుకుపడ్డారు. అతను వేరే జత ఇచ్చాడు. అదీ అంతే. ఇంకోటీ అంతే.

"నాసిరకం సరుకు అంటగట్టి నా చెవిలో పువ్వు పెడతావా?" అని నలుగురిలో కేకలేశారు.

ఇంట్లో భార్య పెట్టుకుని చూసింది. "రెండువైపులా గంటలా మోగుతున్నాయి కదండీ! ఓసారి డాక్టరుకి చూపించుకోండి."

డాక్టరు కుడి చెవిలోంచి శనగగింజంత గులిమి తీసి పళ్లెంలో పెట్టాడు. "చెవికి పెట్టుకునేవి మెరిసిపోతున్నాయి సార్, చెవే మూసుకుపోయింది."

భార్య నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసులో శ్రుతిసారు గంభీరంగా సెలవిచ్చారు. "మంచి హెడ్‌ఫోన్లు అంతేనమ్మా. కొన్నాళ్లు ఓపిక పడితేగానీ గొంతు విప్పవు."

పక్క బల్ల టైపిస్టు ఆ మాట నమ్మి, తన పాడైపోయిన జతకు ఇంకో ఆర్నెల్లు గడువిచ్చింది.