నవంబరు సీసాలు

పుష్పవల్లికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మద్రాసు పెరంబూరులో వాళ్ల వీధి వీధంతటికీ తెలిసిన సంగతే ఇది. తెలియందల్లా ఆమె పనిచేసే పరిశోధన సంస్థలో పై అధికారి డాక్టర్ శివరామ్‌కే.

1998 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఆయన ఆమెను గదిలోకి పిలిచి మెమో చేతికిచ్చాడు. పరీక్షకు గాలి పట్టిన సీసాల మీద చీటీలు తారుమారు చేశారట. జులై సీసాలకు నవంబరని, నవంబరు సీసాలకు జులై అని అంటించారట. నిర్లక్ష్యమట. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాలట.

"సంతకం పెట్టేయండి పుష్పవల్లమ్మా. ఇంతటితో వదిలేస్తాను" అన్నాడు శివరామ్, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

ఆమె మెమో రెండుసార్లు చదివింది. "నేను పెట్టను సార్" అంది. పక్క కుర్చీలో మనిషికి కూడా వినపడనంత మెల్లగా అంది. శివరామ్ అది భయమనుకున్నాడు.

ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఇంట్లో బి.ఎస్సీ. గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. 1972లో ఈ పరిశోధన సంస్థలో వాతావరణం రాసే ఉద్యోగంలో చేరింది. పెరంబూరులో రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషన్‌లో మళ్లీ రైలెక్కి తాంబరం, అక్కణ్ణుంచి బస్సు. ఊరి చివర ముళ్లపొదల అడవిని ఆనుకుని సంస్థ ఆవరణ. పొద్దున ఎనిమిదిన్నరకల్లా వాన కొలిచే జాడీ దగ్గర ఉండాలి. ఇద్దరు బిడ్డలు పుట్టినప్పుడు తప్ప ఇరవై ఆరేళ్లలో ఆమె ఆ వేళ తప్పలేదు. మోకాలిలోతు నీళ్లలో చీర ఎత్తి కుచ్చుకుని నడిచిన రోజులున్నాయి. అలాంటి మనిషితోనా నిర్లక్ష్యం అనే మాట?

క్రితం ఏడు శివరామ్ కొత్త పని తెచ్చాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో నెలనెలా చూడాలి. చెట్లు ఆకులేసినప్పుడు దాన్ని తింటాయి, అప్పుడు గాలిలో తగ్గుతుంది. ఆకులు ఎండి రాలినప్పుడు పెరుగుతుంది. ఆకు రావాలంటే వాన పడాలి. కాబట్టి వానా, ఎండా, ఆకూ కంప్యూటర్‌కి చెబితే ఏ నెలలో ఆ వాయువు ఎంతుండాలో అది లెక్కగట్టి గీత గీస్తుంది. ఆ గీత నిజమో కాదో తేల్చేవి పుష్పవల్లి పట్టి తెచ్చే సీసాలు.

ఆ పట్టడం ఆషామాషీ కాదు. మనిషి వదిలే ఊపిరిలో ఆ వాయువు బయటి గాలిలో కంటే వంద రెట్లు ఉంటుంది. ఒక్క ఊపిరి తగిలిందా, సీసా పాడు. అందుకని మధ్యాహ్నం రెండు గంటలకు గాలికి ఎదురు నిలబడి, ఊపిరి బిగబట్టి, సీసాకున్న రెండు గాజు బిరడాలూ తిప్పి మూసి, పదడుగులు వెనక్కి వచ్చాకే ఆమె ఊపిరి వదిలేది. చీటీ అంతకు ముందే రాసి అంటించేది. నెలకు నాలుగు సీసాలు. యాభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, ఆయాసం ఉన్న మనిషి.

ఇప్పుడు కంప్యూటర్ గీత జులైలో దిగింది. సీసాలేమో నవంబరులో దిగాయి. గీత తప్పేమోనని శివరామ్‌కు ఒక్క క్షణం కూడా తోచలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సీసాలు పట్టినామెదే తప్పన్నాడు. ఊరుకున్నాడా? రెండు నెలల అంకెలూ అటుదిటు ఇటుదటు మార్చేసి, గీత ఎంత ముద్దుగా కుదిరిందో అని మురిసిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త చిన్నస్వామి విని, "పెట్టేయ్ పుష్పా. ఒక సంతకందానే. ఇంకెన్నేండ్లుంది సర్వీసు?" అన్నాడు.

"నా చేతులతో నేనే దొంగనని రాసియ్యమంటావా?"

"దొంగని ఎవురన్నారప్పా?"

"పొయ్యి అన్నం పెట్టుకో" అంది. తను తినలేదు. కడుపు నిండా కోపమే ఉంది.

మర్నాడు వాన రిజిస్టరు చంకన పెట్టుకుని కంప్యూటర్ గదికి వెళ్లింది. ప్రోగ్రాములు రాసే హేమమాలిని ఆమెను చూసి లేచి నిలబడింది. "నాకేం తెలవదక్కా, సార్ మార్చమంటే మార్చినా" అంది.

"నిన్ను అడగలేదు హేమా. మీ లెక్కకు నవంబరులో వాన ఎంతని చెప్పినారు? చూపించు."

హేమమాలిని ఫైలు తెరిచింది. జులై మూడు వందల ఎనభై మిల్లీమీటర్లు. నవంబరు పదకొండు.

పుష్పవల్లికి చెవులు వేడెక్కాయి. పదకొండు! క్రితం నవంబరులో ఆమె తన చేత్తో కొలిచి పారబోసింది నాలుగు వందల పైమాట. "ఈ వాన ఏ ఊరిది?" అంది.

ఫైలు పైన ఊరి పేరు ఉంది. శివరామ్ ఇంతకు ముందు పనిచేసిన మధ్యప్రదేశ్ అడవి అది. ఇక్కడికి వచ్చాక ఎండ ఫైలు మార్చాడు, వాన ఫైలు మార్చడం మరిచిపోయాడు. అక్కడ ఆషాఢంలో కురిసే వానకు ఇక్కడి పొదలు జులైలో ఆకులేశాయి, కంప్యూటర్‌లో. నిజం పొదలు మాత్రం తమిళుల ఐప్పసి, కార్తీక నెలల దాకా, అంటే అక్టోబరు, నవంబరు దాకా ఎండి కూర్చున్నాయి.

ఆమె రిజిస్టరు చదువుతుంటే హేమమాలిని అంకెలు ఎక్కించింది. గంటన్నర పట్టింది. కొత్త గీత నవంబరులో దిగింది. అసలు సీసాల అంకెలు దాని మీద కుదురుగా కూర్చున్నాయి.

పుష్పవల్లి ఆ గీత ప్రింటు తీయించి శివరామ్ బల్ల మీద పెట్టింది. ఆయన చూశాడు, చెమట తుడుచుకున్నాడు, నవ్వాడు. "భలే! మెమో సంగతి మరిచిపోండి."

"నేను మరిచిపోతా సార్. సర్వీసు రిజిస్టరులో అంటించినారే, అది మరిచిపోతుందా? మీరు పుట్టింది ఈ ఊళ్లోనే, మైలాపూరులో గదా? నవంబరులో ఆడ వీధుల్లో నీళ్లు నిలిచేది చూళ్లేదా మీరు? నన్ను ఒక్క మాట అడిగుంటే చెప్పుంటా. అడగలేదు. నేరుగా మెమో రాసినారు!"

గొంతు ఇంకా తగ్గింది. ఈసారి శివరామ్‌కు అర్థమైంది. గుమాస్తాను పిలిచి ఒక కాగితం టైపు చేయించాడు. 'చీటీల విషయంలో జరిగిన పొరపాటు క్షమించడమైనది.'

పుష్పవల్లి ఒళ్లు మండిపోయింది. "క్షమించేది ఎవుర్ని సార్? నన్నా?"

రెండో కాగితం వచ్చింది. 'వాన వివరాలలో పొరపాటు దొర్లినందున మెమో రద్దు చేయడమైనది.'

"దొర్లేదానికి అదేమన్నా చెంబా? వాన తప్పేం లేదు సార్. దాని నెలలో అది పడింది. దాని సీసా నేను పట్టినా. ఇంకెవురున్నారు ఈడ?"

శివరామ్ పెన్ను తీసి, ఆ కాగితం కిందే తన చేత్తో రాశాడు. 'వేరే ఊరి వాన ఫైలు చూసుకోకుండా వాడినది నేను. పుష్పవల్లి రాసిన చీటీలన్నీ సరైనవే.' కింద సంతకం, తేదీ.

ఆమె థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? కాగితం తీసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లి, సర్వీసు రిజిస్టరు తెప్పించి, మెమో ఉన్న పేజీ తీయించి, దాని పక్కనే అంటించమంది. గుమాస్తా అంటించి, "ఇంక పోండమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు.

పుష్పవల్లి పోలేదు. జిగురు ఆరేదాకా అక్కడే నిలబడింది.